నురగ రాని సీసా

ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న క్రీమ్ డిస్పెన్సర్ నెల తిరక్కుండానే అటకెక్కడం మామూలే. మీట నొక్కితే గుల్లగా నురగ రావాలి. అది రాకుండా పల్చటి ధార కారుతుంది. లేకపోతే బుస్సుమని గ్యాసంతా పోయి, క్రీమ్ మాత్రం లోపలే ఉండిపోతుంది. ఒక్కోసారి అసలు ఉలుకూ పలుకూ ఉండదు. సీసా పాడైందనుకుని పక్కన పెట్టేస్తాం. నిజానికి సీసా చెడిపోవడం అరుదు. చాలాసార్లు తేడా ఉండేది అందులో పోసిన సరుకులో, లేదా మన వంటింటి వేడిలో. కోస్తా ఊళ్లలో ఈ రెండోదాని పాలు మరీ ఎక్కువ.

ఏటికొప్పాక సంగతే చూడండి. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రతో బొమ్మలు చేసే ఊరు. తిరుగుతున్న కర్రకు రంగు లక్కను ఒత్తి పట్టుకుంటే, ఆ రాపిడి వేడికే లక్క మెత్తబడి కర్రను అంటుకుంటుంది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ నునుపంతా వేడి చేసిన పని. క్రీమ్ దారి దీనికి పూర్తిగా ఎదురు. అది చలికే లొంగుతుంది. అటు ఎలమంచిలి, ఇటు నర్సీపట్నం, మధ్యలో ఏ ఊరికి వెళ్లినా ఇప్పుడు పుట్టినరోజంటే కేకు ఉండాల్సిందే. ఇంట్లోనే కేకులు చేసి అమ్మే ఆడవాళ్లు, కోల్డ్ కాఫీ అమ్మే చిన్న కొట్లవాళ్లు ఈ సీసాలు కొంటున్నారు. వాటితో వచ్చే కాగితంలో ఉన్న సూచనలు మాత్రం చల్లటి దేశాల వంటిళ్లను చూసి రాసినవి.

ముందు సీసా లోపల ఏం జరుగుతుందో తెలిస్తే, ఎక్కడ తేడా వచ్చిందో మనమే పట్టుకోవచ్చు. ఉక్కుదో అల్యూమినియందో ఒక సీసా, దాని మీద మరలతో బిగించే తల, తలకు ఒక మీట, ఒక నాజిల్, పక్కన ఛార్జర్ బిగించే గొట్టం. ఇంతే సామాను. ఛార్జర్ అంటే బొటనవేలంత ఉక్కు గుళిక. అందులో 8 గ్రాముల నైట్రస్ ఆక్సైడ్ ఉంటుంది. పన్ను పీకేటప్పుడు మత్తుకు వాడే గ్యాసే ఇది. బయటికి వదిలితే నాలుగు లీటర్లకు పైగా చోటు ఆక్రమించే గ్యాసు అది. గొట్టం తిప్పి బిగించగానే లోపలి సూది గుళిక మూతిని పొడుస్తుంది, గ్యాసు సీసాలోకి దూకుతుంది. ఆ ఒత్తిడికి క్రీమ్‌లో, ముఖ్యంగా క్రీమ్‌లోని కొవ్వులో కరిగిపోతుంది. మీట నొక్కగానే ఒత్తిడి తగ్గి, కరిగిన గ్యాసు ఎక్కడికక్కడ బుడగలై ఉబ్బుతుంది. 1930ల్లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ గెట్జ్ అనే విద్యార్థి కనిపెట్టిన కిటుకు ఇది.

బుడగ పుట్టడం వేరు, నిలవడం వేరు. పుట్టించేది గ్యాసు, నిలబెట్టేది కొవ్వు. అదీ గట్టిపడిన కొవ్వు. పాల కొవ్వు 5 డిగ్రీల చలిలో చాలావరకు గడ్డకట్టి ఉంటుంది. మే నెలలో మన వంటింట్లో ఉండే 35 డిగ్రీల దగ్గర దాదాపు అంతా కరిగి నూనెలా ఉంటుంది. నూనెతో గోడ కట్టలేం కదా. పల్చగా కారడానికి మొదటి కారణం ఇదే.

ఎలమంచిలి వైపు మా పిన్ని ఇంట్లో ఒక వేసవి సాయంత్రం ఈ సీసా పంచాయితీ నడిచింది. గాజు గ్లాసులో కోల్డ్ కాఫీ పోసి, పైన సీసా బోర్లించి మీట నొక్కింది. చీదినట్టు చప్పుడై, తెల్లటి నీళ్లు కాఫీలో కలిసిపోయాయి.

“ఇదేట్రా, పాలకన్నా పల్చగా కారిపోతంది? గ్యాసు సరిపోనట్టుంది. ఇంకోటి ఎక్కించీనా?”

“ఆగు పిన్నీ. క్రీమ్ ఫ్రిజ్‌లో ఎప్పుడు పెట్టావు?”

“సీసాలో పోసి, గ్యాసు ఎక్కించి, అప్పుడే పెట్టాను. అరగంట అయ్యుంటాది.”

సీసా బయట చల్లగానే ఉంది. కానీ క్రీమ్ కొట్లో నుంచి వచ్చి, మధ్యాహ్నమంతా గట్టు మీద ఉన్న డబ్బాది. అరలీటరు క్రీమ్ మధ్యదాకా చల్లబడాలంటే అరగంట ఏ మూలకూ చాలదు. అందులోనూ మంచినీళ్ల కోసం ఇంట్లో పదిసార్లు తలుపు తీసే ఫ్రిజ్. క్రీమ్ డబ్బా ముందు రోజు రాత్రే లోపల పెట్టుకోవాలి. తలుపు అరలో కాదు, వెనక గోడకు ఆనించి. ఖాళీ సీసాను కూడా ఒక గంట ముందు పక్కనే పెడితే మంచిది. తొందరపడి ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి. క్రీమ్ అంచుల్లో గడ్డకడితే ఆ మంచు పలుకులే నాజిల్‌కు అడ్డం పడతాయి.

మజ్జిగ చిలికే ఇళ్లలో ఈ లెక్క పాతదే. ఎండాకాలం తెల్లవారకముందే కవ్వం వేసేవారు, వెన్న పడకపోతే చల్లటి నీళ్లు పోసేవారు.

రెండో కారణం డబ్బా మీదే రాసి ఉంటుంది, మనం చదవం. కిరాణా కొట్లో దొరికే ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతం. మన ఆహార నిబంధనల్లో తక్కువ కొవ్వు క్రీమ్‌కు అది సరిపోతుంది. ఫ్రూట్ సలాడ్‌లోకీ, పనీర్ కూరలోకీ బాగుంటుంది. నురగ నిలవడానికి మాత్రం చాలదు. కనీసం 30 శాతం ఉండాలి, 35 అయితే నిశ్చింత. విప్పింగ్ క్రీమ్ అని రాసి ఉన్న డబ్బా అడిగి తీసుకోవాలి. అది మన చిన్న పట్టణాల్లో అన్ని కొట్లలో దొరకదు, బేకరీ సామాన్లు అమ్మేచోట వెతకాలి.

ఇంట్లో గేదె పాలుండగా డబ్బా ఎందుకు, మీగడ వేస్తే సరిపోదా అని అడిగేవాళ్లున్నారు. ఆశ న్యాయమైనదే, గేదె పాలల్లో వెన్న దండిగా ఉంటుంది. కానీ కాచిన పాల మీద కట్టే మీగడ వట్టి కొవ్వు కాదు. వేడికి గడ్డకట్టిన మాంసకృత్తుల పొర అందులో ఉంటుంది. ఎంత చిలికినా చిన్న చిన్న తునకలు మిగులుతాయి. అవి వెళ్లి కవాటంలో ఇరుక్కుంటే సీసా అక్కడికక్కడే మూగబోతుంది. మీగడను నెయ్యికి ఉంచుకోండి. ఇక బేకరీల్లో వాడే తీపి క్రీమ్ చాలావరకు పాలది కాదు, వనస్పతి కొవ్వుతో చేసింది. గడ్డకట్టి వస్తుంది. ఫ్రిజ్‌లోనే పూర్తిగా కరగనిచ్చాక సీసాలో పోయాలి. రుచి నాకు నచ్చదు గానీ, ఎండకు పాల క్రీమ్‌కన్నా కాస్త ఎక్కువసేపు ఓర్చుకుంటుంది.

పల్చగా వస్తోందని ఇంకో ఛార్జర్ ఎక్కించడం అందరికీ తట్టే ఉపాయం. అరలీటరు సీసాకు ఒకటి, లీటరు సీసాకు రెండు. సీసాతో వచ్చిన కాగితం ఇంకోటి వేయొచ్చని చెబితే తప్ప ఈ లెక్క దాటకండి. కొవ్వు చాలని క్రీమ్‌కు ఎంత గ్యాసు ఎక్కించినా పెద్ద బుడగలు లేచి మరుక్షణం పేలిపోతాయి, అంతే.

దీనికి వ్యతిరేకమైన తంటా కూడా ఉంది. మొదట రెండు పువ్వులు చక్కగా వస్తాయి, తర్వాత సీసా మొరాయిస్తుంది. అతిగా ఊపిన క్రీమ్ చేసే పని ఇది. ఊపిన కొద్దీ కొవ్వు రేణువులు ఒకదానికొకటి అంటుకుని వెన్న దిశగా వెళ్తాయి. 35 శాతం క్రీమ్‌కు నాలుగైదు ఊపులు చాలు, పల్చటిదానికి పది దాకా వెళ్లొచ్చు. వడ్డించే ప్రతిసారీ మళ్లీ మళ్లీ ఊపడం వల్లే ఫంక్షన్ మధ్యలో సీసా బిగుసుకుపోతుంది.

నాజిల్ మూసుకుపోవడానికి ఇంకో కారణం మన రుచులు. పలుకు పంచదార చల్లటి క్రీమ్‌లో తొందరగా కరగదు. పొడి కొట్టి, జల్లించి, క్రీమ్‌లో కలిపి కాసేపు ఉంచి, సన్నటి జల్లెడలో వడకట్టి పోయాలి. యాలకుల పొడి, కుంకుమపువ్వు పోగులు, మామిడి పీచు, జీడిపప్పు పలుకు, ఇవేవీ నేరుగా వేయకూడదు. యాలకులు కావాలంటే చితక్కొట్టి రాత్రంతా క్రీమ్‌లో నానబెట్టి తీసేయండి, సువాసన దిగుతుంది. అనకాపల్లి పక్కనే ఉన్నాం కనుక బెల్లం క్రీమ్ చేయాలని మనసు పుడుతుంది. చేయొచ్చు. బెల్లాన్ని కొద్ది నీళ్లతో పాకం చేసి, గుడ్డలో వడకట్టి, పూర్తిగా చల్లారాక కొద్దికొద్దిగా కలపాలి. వేడి మీద కలిపితే విరుగుతుంది. పాయసంలో బెల్లం పొయ్యి దించాక వేస్తాం, అదే జాగ్రత్త.

ఇక సీసా పట్టుకునే తీరు. గ్యాసంతా పోయి క్రీమ్ లోపల మిగిలిపోయిందంటే, పక్కకు వాల్చి నొక్కారన్నమాట. నాజిల్ నేలవైపు నిటారుగా ఉండాలి. అప్పుడు కవాటం దగ్గర క్రీమ్ ఉంటుంది, దాని వెనక గ్యాసు నెడుతుంది. వాలిస్తే గ్యాసే ముందు దారి చూసుకుంటుంది. పోయిన గ్యాసు తిరిగి రాదు.

ఛార్జర్ బిగించినా బుస్సుమనలేదంటే గుళికను బయటికి తీసి మూతి చూడండి. చిల్లు పడకపోతే గొట్టం పూర్తిగా బిగియలేదు, లేదా సూది మొద్దుబారింది. కొత్త గుళికే అయినా చిల్లుండి, చేతికి తేలిగ్గా ఉంటే ఎవరో వాడేసిన ఖాళీది మీ డబ్బాలో కలిసింది. బుస్సుమన్న వెంటనే గుళిక మీద మంచు పట్టడం లోపం కాదు. విస్తరించే గ్యాసు వేడిని లాక్కుంటుంది. ఆ క్షణంలో దాన్ని ఒట్టి చేత్తో తీస్తే మాత్రం చర్మం చురుక్కుమంటుంది. క్రీమ్ పుల్లగా, నాలుక మీద గుచ్చుకున్నట్టుందా? సోడా గుళిక వేశారు. కార్బన్ డయాక్సైడ్ గుళికలు కూడా ఇదే సైజులో వస్తాయి, ఇదే గొట్టంలో పడతాయి. అది నీటిలో కరిగి ఆమ్లమవుతుంది. గోలీ సోడాకు అందం గానీ పాలకు చేటు.

గ్యాసు మరల దగ్గర కారుతుంటే తల లోపలి రబ్బరు గ్యాస్కెట్ చూడాలి. కడిగినప్పుడు ఊడి సింకులో పడిపోయి ఉండొచ్చు, ఎండి పగిలి ఉండొచ్చు. రబ్బరు బాగానే ఉంటే మరల మీద క్రీమ్ అంటిందేమో తుడిచి, తలను వంకర పోకుండా నిదానంగా తిప్పండి. అయితే ఇదంతా గ్యాసు ఎక్కించకముందు చేయాల్సిన పని. ఎక్కించాక కారితే, మీట నొక్కి మొత్తం వదిలేశాకే తల మీద చెయ్యి వేయాలి.

ఈ మాట దగ్గర కాస్త ఆగుదాం. ఇప్పటిదాకా చెప్పినవన్నీ క్రీమ్ దండగయ్యే తప్పులు. ప్రాణం మీదికి వచ్చేది ఒక్కటే, ఒత్తిడి ఉండగా తల విప్పడం. ఆవిరి నిండిన కుక్కర్ మూత తీయబోతే అది మొండికేస్తుంది, మనల్ని ఆపుతుంది. ఈ సీసా ఆపదు. ఆఖరి మర దాకా మెత్తగా తిరిగి, అక్కడ తూటాలా ఎగురుతుంది. విప్పే ముందు సీసాను నాజిల్ పైకి ఉండేలా నిటారుగా, సింకులో పట్టి, చప్పుడు పూర్తిగా ఆగేదాకా మీట నొక్కాలి. మూసుకుపోయి గ్యాసు రాకపోతే బలం చూపించకండి. నిటారుగానే కొన్ని గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి, చలికి లోపలి ఒత్తిడి కొంత తగ్గుతుంది. తర్వాత నాజిల్ ఒక్కటే తీసి, తల మీద గోరువెచ్చటి నీళ్లు పోసి అడ్డాన్ని కరిగించి, ముఖం దూరంగా పెట్టి, గుడ్డ కప్పి మళ్లీ మీట నొక్కండి. అప్పటికీ రాకపోతే అమ్మినవాళ్లకో రిపేరు తెలిసినవాళ్లకో అప్పగించడమే. పానా, సుత్తి జోలికి పోవద్దు.

ఫ్రాన్స్‌లో ప్లాస్టిక్ తల ఉన్న సీసాలు పేలి జనం గాయపడుతున్నారని వినియోగదారుల పత్రిక 2013 నుంచే హెచ్చరిస్తూ వచ్చింది. 2017లో అలాంటి పేలుడులోనే ఒక యువతి ఇంట్లో చనిపోయింది. చౌకగా వస్తోందని ప్లాస్టిక్ తల ఉన్నది కొనకండి. ఉక్కు తల, విడిగా దొరికే గ్యాస్కెట్లు, ఈ రెండూ చూసి కొనాలి. మామిడి, నిమ్మ లాంటి పులుపు వేసే ఆలోచన ఉంటే సీసా కూడా ఉక్కుదే కావాలి. అల్యూమినియానికి పులుపు పడదు.

కడగడం పెద్ద విద్యేమీ కాదు. తల విడదీసి, సూది దగ్గరా కవాటం దగ్గరా సన్న బ్రష్ పెట్టి తోమాలి. పైన నీళ్లు పోసి వదిలేస్తే లోపల మిగిలిన కొవ్వు మర్నాటికి కంపు కొడుతుంది, వారానికి గట్టిపడి దారి మూస్తుంది. గ్యాసు ఎక్కించిన సీసా మంచి ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంటుంది. వేసవిలో గంటల తరబడి కరెంటు పోయిన రోజున మాత్రం ఆశ వదులుకోవాలి. లోపలున్నది పాలే. వాడేసిన గుళికలు పాత ఇనుము వాళ్లు తీసుకుంటారు. నిండు గుళికల డబ్బా కుర్రాళ్ల చేతికి అందనీయకండి. ఈ గ్యాసు సరదాగా పీల్చే అలవాటు కొన్ని దేశాల్లో పెరిగింది. పదే పదే పీలిస్తే బి12 విటమిన్ దెబ్బతిని నరాలు పాడవుతాయి. బ్రిటన్ 2023లో దాన్ని మత్తుమందుల చట్టం కిందికి తెచ్చింది.

అన్నీ సరిగ్గా చేసినా ఒక నిరాశ మిగులుతుంది, ముఖ్యంగా కేకులు చేసేవాళ్లకు. సీసా నుంచి వచ్చిన పువ్వు ఎంత అందంగా ఉన్నా గదిలో అరగంట నిలవదు, మన ఎండల్లో పది నిమిషాలే గగనం. కవ్వంతోనో బీటర్‌తోనో గిలకొట్టిన క్రీమ్ రెండింతలే పొంగుతుంది గానీ, అందులో కొవ్వు రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. సీసా క్రీమ్ మూడు నాలుగింతలు పొంగుతుంది, అందులో ఎక్కువ గ్యాసే. ఫలూదా మీదికి, కోల్డ్ కాఫీ మీదికి, పళ్ల ముక్కల మీదికి, అప్పటికప్పుడు తినేదానికైతే సీసా. సాయంత్రం కోసే కేకు పొద్దున్నే అలంకరించి నర్సీపట్నం పంపాలంటే బీటరే తీయండి.