మెట్టు కింద గడియారం

హార్మోనియం మెట్టును సుతారంగా నొక్కినా, బలంగా మోదినా పలికేది ఒకే మోతాదులో. స్వరం పెంచాలంటే చేతితోనో కాలితోనో తిత్తి ఆడించాల్సిందే. పియానోలో ఆ బాధ్యత కూడా వేళ్లదే. 1700 ప్రాంతంలో ఫ్లోరెన్స్‌లో బార్తొలొమియో క్రిస్టోఫొరి తయారుచేసిన యంత్రాంగంలోని గొప్పదనం అదే. అప్పటి హార్ప్సికార్డ్ తీగను మీటేది. ఆయన సుత్తితో కొట్టించాడు.

ఈ సుత్తి కథ తెలిస్తే కీబోర్డు కొనడం సగం తేలికైపోతుంది. మెట్టు నొక్కినప్పుడు సుత్తి పైకి లేస్తుంది. తీగను తాకడానికి కాస్త ముందే మెట్టుతో దానికి సంబంధం తెగిపోతుంది. ఆ చివరి చిటికెడు దూరం అది తనంతట తానే ఎగిరి వెళ్లి కొడుతుంది. అంటే వేలు సుత్తికి ఇవ్వగలిగేది వేగం మాత్రమే. ఆ తరువాత ఎంత అదిమిపట్టినా శబ్దం పెరగదు. వేగం పెరిగితే స్వరం బిగ్గరగా మారడమే కాదు, పదునెక్కుతుంది కూడా. సుత్తి తలకు చుట్టిన ఉన్ని ఫెల్ట్ గట్టి దెబ్బకు నలిగి బిరుసెక్కడమే దానికి కారణం.

కాబట్టి ఎలక్ట్రానిక్ వాయిద్యం ముఖ్యంగా కొలవాల్సింది ఆ వేగాన్నే. అందుకు ప్రతి మెట్టు కిందా ఎత్తు తేడాతో రెండు చిన్న స్విచ్చులు పెడతారు. ఒకటి ముందు కలుస్తుంది, రెండోది తరువాత. మధ్యలో గడిచిన సమయం తక్కువైతే దెబ్బ వేగంగా పడినట్టు. ఎలక్ట్రానిక్ వాయిద్యాల కోసం 1983లో వచ్చిన మిడి ప్రమాణం ఆ వేగాన్ని 1 నుంచి 127 వరకు అంకెల్లో రాస్తుంది. చాలా చవక కీబోర్డుల్లో ఈ ఏర్పాటు ఉండదు. యమహా పీఎస్ఆర్-ఈ273, ఈ373 రెండూ 61 మెట్లవే, చూపులకు అక్కచెల్లెళ్లే; వేగాన్ని గుర్తించేది మాత్రం రెండోదే.

గురువు దగ్గర నేర్చుకునేవారికి చెప్పడానికి గురువు ఉంటాడు: ఉంగరం వేలు బలహీనంగా పడుతోందని, ఎడమ చేయి పాటను మింగేస్తోందని. సొంతంగా నేర్చుకునేవారికి ఆ మాట వాయిద్యమే చెప్పాలి. అన్ని స్వరాలనూ ఒకే మోతాదులో పలికించే కీబోర్డు తప్పును దాచేస్తుంది. అందుకే, నా లెక్కలో, వేగాన్ని గుర్తించే ఈ గుణం, అంటే టచ్ సెన్సిటివిటీ, లేనిది ఎంత చవగ్గా వచ్చినా దండగే. దుకాణంలో పియానో టోన్ పెట్టించి, ఒకే మెట్టును ఒకసారి నెమ్మదిగా, ఒకసారి చురుగ్గా నొక్కండి. తేడా వినబడకపోతే ముందు ఆ సౌకర్యం ఆపేసి ఉందేమో అడగండి. అసలు లేదంటే పక్కన పెట్టేయండి.

తరువాతి ప్రశ్న బరువు. అసలు పియానో మెట్టు దిగాలంటే సుమారు 50 గ్రాముల బరువు కావాలి. పది రూపాయల నాణెం 7.7 గ్రాములనుకుంటే, ఆరేడు నాణేలు మెట్టు అంచున పేర్చినంత. మామూలు కీబోర్డులో మెట్టును పైకి తెచ్చేది స్ప్రింగు. వెయిటెడ్ అన్నవాటిలో నిజంగానే చిన్న సుత్తులు కదులుతాయి. మంచివాటిలో మంద్ర స్థాయి మెట్లు బరువుగా, తారస్థాయికి పోయేకొద్దీ తేలిగ్గా ఉంటాయి. స్ప్రింగు మెట్లకు అలవాటుపడ్డ వేళ్లకు అసలు పియానో మొదట్లో మొరాయించినట్టు అనిపిస్తుంది. డబ్బు వెసులుబాటు ఉంటే వెయిటెడ్ కొనాలి, లేకపోతే స్ప్రింగు మెట్లతో మొదలుపెట్టినా నష్టమేమీ లేదు.

మెట్ల సంఖ్య గురించి మాత్రం అనవసరంగా బెంగపడతారు. పియానోకు 88 మెట్లు: తెల్లవి 52, నల్లవి 36. కానీ మొజార్ట్ వాడిన పియానోకు ఉన్నవి ఐదు ఆక్టేవులే (సా నుంచి పై సా వరకు ఒక ఆక్టేవు), అంటే 61 మెట్లు. ఇప్పటి 61 మెట్ల కీబోర్డు అంతకన్నా కొంచెం పైస్థాయిలో మొదలవుతుంది, అంతే తేడా. తొలి పాఠాలకు అది చాలు. మెట్ల వెడల్పు విషయంలో మాత్రం రాజీ వద్దు. పియానోలో ఒక ఆక్టేవు సుమారు 16.5 సెంటీమీటర్లు, పిల్లల బుల్లి మెట్ల మీద చేయి ఆ దూరాన్ని తప్పుగా నేర్చుకుంటుంది.

వందల టోన్లు, రిథమ్‌లు పియానో నేర్చుకునేవారికి పండగ లైట్ల లాంటివి. వాటికి పెట్టే డబ్బు పెడల్‌కు పెట్టండి. అది నొక్కితే మెట్టు వదిలాక కూడా స్వరం నిలుస్తుంది. పెట్టెలో ఉచితంగా వచ్చే చదరపు స్విచ్చు నున్నటి గచ్చు మీద జారిపోతూ ఉంటుంది. అడుగున రబ్బరు ఉన్న, పియానో పెడల్ ఆకారంలోది విడిగా అడిగి తీసుకోండి.