స్ట్రెంత్ ట్రైనింగ్ పుస్తకం - మార్కెటింగ్ వ్యూహం: నాగోల్ ప్రాంతం ఆధారంగా ఒక పరిశీలన

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• వ్యాయామ పుస్తకానికి అసలు పోటీ ఎవరో గుర్తించగలుగుతారు.
• ఒక నిర్దిష్ట ప్రాంతంలోని పాఠకులను వర్గాలుగా విభజించగలుగుతారు.
• పుస్తకానికి లాభనష్టరహిత స్థానాన్ని లెక్కించగలుగుతారు.
• ప్రచారంలో చెప్పదగిన మాటకు, చెప్పకూడని మాటకు తేడా వివరించగలుగుతారు.

1. విషయ పరిచయం

వస్తువు, ధర, పంపిణీ, ప్రోత్సాహం అనే నాలుగు అంశాలు కలిసి మార్కెటింగ్ మిశ్రమం అవుతాయని మీకు తెలుసు. వీటిని సబ్బుకో, సెల్‌ఫోన్‌కో అన్వయించడం తేలిక. పుస్తకానికి, అందులోనూ పాఠకుడి శరీరంతో పని చేయించే పుస్తకానికి అన్వయించడం అంత తేలిక కాదు. నవల నచ్చకపోతే పాఠకుడు పక్కన పడేస్తాడు. నష్టం దాని ధర వరకే. బరువులెత్తే పద్ధతి చెప్పే పుస్తకం దారి తప్పిస్తే నడుము పట్టేస్తుంది, మోకాలు దెబ్బతింటుంది. అందువల్ల ఈ వస్తువు విషయంలో ప్రకటనలో రాసే ప్రతి మాటా వస్తువులో భాగమేనని గుర్తుంచుకోవాలి.

స్ట్రెంత్ ట్రైనింగ్ అంటే కండరాలకు క్రమంగా పెరిగే భారాన్ని ఇచ్చి వాటి బలాన్ని పెంచే వ్యాయామం. ఆ భారం ఇనుప బరువు కావచ్చు, సాగే రబ్బరు పట్టీ కావచ్చు, మన శరీర బరువే కావచ్చు. వెనుకటి తాలింఖానాల్లో తీసిన దండీలు, బస్కీలు కూడా ఈ కోవలోవే.

ఇలాంటి పుస్తకాన్ని తెలుగులో ప్రచురించి, హైదరాబాదు తూర్పు భాగంలోని నాగోల్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతంలో తొలిసారి విడుదల చేయాలని ఒక చిన్న ప్రచురణకర్త అనుకున్నాడని భావిద్దాం. అతని ముందున్న ప్రశ్నలను ఒక్కొక్కటిగా చూద్దాం.

2. గతం నేర్పే పాఠం

శ్రీకాకుళం ప్రాంతంలోని వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో ఎదిగిన కోడి రామ్మూర్తి నాయుడు 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో దేశమంతా పేరు పొందిన మల్లవీరుడు. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకోవడం, ఇనుప గొలుసులు తెంచడం వంటి ప్రదర్శనలకు జనం విరగబడి వచ్చేవారు. ఆ జిల్లాకే చెందిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం సాధించారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. బలం పట్ల మన ప్రజలకు ఉన్న గౌరవం కొత్తది కాదని ఈ రెండు ఉదాహరణలూ చెబుతాయి. అయితే గౌరవం వేరు, కొనుగోలు వేరు. ఏనుగును మోసినవాడిని చూసి చప్పట్లు కొట్టిన మనిషికి, రేపు ఉదయం తాను ఏం చేయాలో తెలియదు.

ఆ ఖాళీని గుర్తించి వ్యాపారంగా మలచినవారిలో యూజెన్ శాండో ముఖ్యుడు. ప్రష్యాలో పుట్టి లండన్‌లో స్థిరపడిన శాండో 1897లో బలం సంపాదించే పద్ధతిపై ఒక పుస్తకం ప్రచురించాడు. 1904-05లో భారతదేశంలోనూ ప్రదర్శనలిచ్చాడు. అతని ప్రదర్శన ఆసక్తిని రేపేది. వయస్సు వారీగా వ్యాయామ పట్టికలిచ్చిన అతని పుస్తకం ఆ ఆసక్తిని ఇంట్లో చేసే సాధనగా మార్చేది. మన పొరుగున బెంగళూరులో వ్యాయామశాల నడిపిన కె.వి. అయ్యర్ 1930లో 'మజిల్ కల్ట్' అనే ఆంగ్ల పుస్తకం వెలువరించారు. దూరాన ఉన్నవారికి ఉత్తరాల ద్వారా వ్యాయామ శిక్షణ కూడా ఇచ్చారు. గురువు ఎదుట లేకపోయినా నేర్చుకునేలా పాఠాన్ని వరుసగా అమర్చడం, నేర్చుకున్నది ఎంతో విద్యార్థి తానే చూసుకునే వీలు కల్పించడం ఆ పద్ధతికి ప్రాణం. దూరవిద్య విద్యార్థిగా దాని విలువ మీకు వేరే చెప్పనక్కరలేదు.

3. అసలు పోటీ ఎవరితో?

ప్రచురణకర్త సాధారణంగా తన పుస్తకానికి పోటీ మరో పుస్తకం అనుకుంటాడు. ఇక్కడ అది నిజం కాదు. పాఠకుడికి ఇప్పటికే రెండు ప్రత్యామ్నాయాలు ఉన్నాయి. ఒకటి, ఫోన్‌లో ఉచితంగా దొరికే వీడియోలు. రెండు, జిమ్‌లో ట్రైనర్ చెప్పే మాట.

వీడియో కదలికను చూపిస్తుంది. ఆ పని పుస్తకంలోని బొమ్మ అంత బాగా చేయలేదు. కానీ సోమవారం చూసిన వీడియోకూ బుధవారం చూసిన వీడియోకూ పొంతన ఉండదు. ఈ వారం ఎంత భారం, వచ్చే వారం ఎంత పెంచాలి, ఎప్పుడు ఆగాలి అనే వరుస అందులో దొరకదు. ట్రైనర్ తప్పును అక్కడికక్కడే సరిదిద్దగలడు. కానీ రద్దీ వేళ ఒక్కొక్కరికి అతను ఇవ్వగల సమయం తక్కువ.

కాబట్టి పుస్తకం అమ్మవలసింది సమాచారాన్ని కాదు, క్రమాన్ని. 12 వారాల ప్రణాళిక, ప్రతి వారానికీ ఒక పట్టిక, చేసినది రాసుకోవడానికి ఖాళీ గడులు, నొప్పి వస్తే ఏం చేయాలో చెప్పే ఒక పేజీ ఉంటే వీడియో ఇవ్వలేనిది పుస్తకం ఇస్తుంది. ప్రతి వ్యాయామం పక్కన ఒక క్యూఆర్ కోడ్ ముద్రించి కదలికను వీడియోలో చూపిస్తే ప్రత్యర్థి సహాయకుడవుతాడు. మీ భంగిమను ఒకసారి ట్రైనర్‌కు చూపించండి అని పుస్తకమే సూచిస్తే ట్రైనర్ కూడా దానిని శత్రువుగా చూడడు.

4. మార్కెట్ విభజన

వ్యాయామప్రియులు అనే ఒకే వర్గం లేదు. ఎవరు, ఏ అవసరం కోసం బలం కోరుకుంటున్నారు అనే ప్రశ్న ఆధారంగా ఈ ప్రాంతంలో నాలుగు వర్గాలను గుర్తించవచ్చు.

(అ) ఉద్యోగ పరీక్షల అభ్యర్థులు: దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ కేంద్రాలకూ హాస్టళ్లకూ పేరు. నల్లగొండ, ఖమ్మం వైపు నుంచి వచ్చిన యువతీయువకులు ఇక్కడ ఎక్కువ. 2022 తెలంగాణ పోలీసు నియామకాల్లో దేహదారుఢ్య పరీక్షగా పురుషులకు 1600 మీటర్లు, మహిళలకు 800 మీటర్ల పరుగు ఉండేవి. లాంగ్‌జంప్, షాట్‌పుట్ ఇద్దరికీ ఉండేవి. షాట్‌పుట్ గుండు పురుషులకు 7.26 కిలోలు, మహిళలకు 4 కిలోలు. వీరికి బలం ఒక సరదా కాదు, ఉద్యోగానికి మెట్టు. చేతిలో డబ్బు తక్కువ, గడువు ఖచ్చితం.

(ఆ) ఉద్యోగులు: 2017 నవంబరులో మెట్రో మొదలైన తరువాత నాగోల్‌లో ఉంటూ నగరం పడమటి కొసన పనిచేయడం సులువైంది. వీరికి జిమ్ రుసుము భారం కాకపోవచ్చు; సమయమే కరువు. వారానికి రెండు మూడు రోజులు, 45 నిమిషాల ప్రణాళిక వీరికి కావాలి.

(ఇ) మహిళలు: బరువులెత్తితే శరీరం మొరటుగా మారుతుందన్న భయం, జిమ్‌లో మగవారి రద్దీ మధ్య కలిగే ఇబ్బంది వీరికి అడ్డు. ఇంట్లో చేయగల ప్రణాళిక, స్త్రీల ఫొటోలతో వివరణ ఉంటేనే ఇది తమ పుస్తకమని వారికి అనిపిస్తుంది.

(ఈ) 60 దాటినవారు: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దలందరూ వారానికి కనీసం 2 రోజులు కండరాల బలం పెంచే వ్యాయామం చేయాలి. 65 దాటినవారు పడిపోకుండా ఉండేందుకు సమతుల్యతకూ బలానికీ సంబంధించిన వ్యాయామాలు 3 రోజులైనా చేయాలి. కాలనీ పార్కుల్లో నడిచే పెద్దల్లో చాలామంది నడకతోనే సరిపోతుందనుకుంటారు. వీరికి ముందుగా అవసరాన్నే పరిచయం చేయాలి.

నాలుగు వర్గాలకూ ఒకే పుస్తకం అమ్మబోతే ఎవరికీ అది తమదిగా తోచదు. పరిమిత పెట్టుబడి ఉన్న ప్రచురణకర్త మొదట ఒక వర్గాన్నే లక్ష్య మార్కెట్‌గా ఎంచుకోవాలి. మన ఉదాహరణలో (అ) వర్గం అనువైనది. అవసరం స్పష్టంగా ఉంది, వారు ఒకేచోట ఉన్నారు, తెలుగులో చదివే అలవాటు ఉంది, ఒకరికొకరు చెప్పుకుంటారు.

5. ధర, లాభనష్టరహిత స్థానం

లెక్క కోసం కొన్ని అంకెలు ఊహిద్దాం. సంపాదకత్వం, ఫొటోలు, పేజీల అమరిక కలిపి స్థిర వ్యయం రూ. 60,000. ముద్రణకు ప్రతికి రూ. 90. ముద్రించేది 1,000 ప్రతులు. పుస్తకం వెల రూ. 300. దుకాణదారుకు 40 శాతం తగ్గింపు ఇస్తే ప్రచురణకర్తకు వచ్చేది రూ. 180.

సూత్రం ప్రకారం ప్రతికి మిగులు 180 - 90 = రూ. 90. లాభనష్టరహిత స్థానం 60,000 ÷ 90 = 667 ప్రతులు.

ఇక్కడే జాగ్రత్త అవసరం. ఈ సూత్రం ముద్రణను చర వ్యయంగా తీసుకుంటుంది. కానీ 1,000 ప్రతులు ఒకేసారి ముద్రించాక, అమ్ముడైనా కాకపోయినా రూ. 90,000 ఖర్చయిపోయినట్లే. అప్పుడు రావలసిన మొత్తం రూ. 1,50,000, దానిని 180తో భాగిస్తే 834 ప్రతులు. సూత్రం చెప్పినదానికీ చేతిలో నగదు చెప్పేదానికీ మధ్య 167 ప్రతుల తేడా ఉంది. చిన్న ప్రచురణకర్తలు చితికిపోయేది తరచూ ఈ తేడాలోనే.

పాఠకుడికే నేరుగా 10 శాతం తగ్గింపుతో రూ. 270కి అమ్మి, పంపే ఖర్చు రూ. 50 భరిస్తే మిగిలేది రూ. 220. అప్పుడు పెట్టుబడి 682 ప్రతులకే తిరిగి వస్తుంది. అయితే నేరుగా అమ్మడానికి పట్టే శ్రమనూ లెక్కలోకి తీసుకోవాలి.

వెల తగ్గించడమే మార్గం కాదు. హాస్టల్ విద్యార్థి రూ. 300ను మరో పుస్తకం ధరతో కాక, జిమ్‌కు కట్టే రుసుముతో పోల్చి చూస్తాడు. పుస్తకం 12 వారాలు పనికొస్తుందని అతనికి తెలిస్తే ఆ వెల ఎక్కువ అనిపించదు.

6. పంపిణీ

తెలుగు పుస్తకాలకు కోఠి, కాచిగూడ దుకాణాలు, ఏటా జరిగే హైదరాబాద్ పుస్తక ప్రదర్శన పాత దారులు. కానీ మన లక్ష్య పాఠకుడు సాహిత్యం కోసం దుకాణానికి వెళ్లేవాడు కాకపోవచ్చు. అతను రోజూ వెళ్లేది పోటీ పరీక్షల పుస్తకాల దుకాణానికి, పరుగు సాధన చేసే మైదానానికి, జిమ్‌కు. కరెంట్ అఫైర్స్ పుస్తకం పక్కన ఈ పుస్తకం కనిపించాలి. పాఠకుడు ఉన్న చోటికి పుస్తకం వెళ్లడమే మంచి పంపిణీ.

భాష కూడా పంపిణీలో భాగమే. ట్రైనర్ 'స్క్వాట్' అంటాడు, తాత 'బస్కీ' అంటాడు. పుస్తకం జిమ్‌లో వినిపించే పదాన్నే వాడి, మొదటిసారి పాత పదంతో పరిచయం చేయాలి. ఎవరూ వాడని కొత్త పదం పుట్టిస్తే పాఠకుడు మొదటి పేజీలోనే ఆగిపోతాడు.

7. ప్రచారం: మాటకు హద్దు

వ్యాయామ మార్కెట్లో మాటలు కోటలు దాటుతుంటాయి. '30 రోజుల్లో ఉక్కు కండలు' వంటి శీర్షిక మొదటి వంద ప్రతులు అమ్మవచ్చు. 31వ రోజున ఆ వంద మందీ పుస్తకానికి వ్యతిరేక ప్రచారకులవుతారు. హాస్టల్ గదుల్లో మంచి మాట ఎంత వేగంగా పాకుతుందో చెడ్డ మాట అంతకన్నా వేగంగా పాకుతుంది.

చట్టం కూడా దీనిని పట్టించుకుంటుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదారి పట్టించే ప్రకటనను నిర్వచించింది. దాని కింద 2020లో ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అలాంటి ప్రకటనకు రూ. 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే రూ. 50 లక్షల వరకు జరిమానా విధించగలదు. ప్రకటనలో కనిపించి సిఫారసు చేసినవారికీ ఇది వర్తిస్తుంది.

మరో ప్రలోభం ప్రొటీన్ పొడి కంపెనీ ప్రకటన. ముద్రణ ఖర్చు భరిస్తాం, చివరి అట్ట మీద మా డబ్బా బొమ్మ వేయండి అని ఎవరైనా అడగవచ్చు. నాగోల్‌లో మెట్రో ఎక్కితే అయిదో స్టేషన్ తార్నాక. అక్కడున్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల కోసం వెలువరించిన ఆహార మార్గదర్శకాల్లో, కండ పెంచుకోవడానికి ప్రొటీన్ సప్లిమెంట్లు వాడవద్దని సూచించింది. లోపలి పేజీల్లో పప్పు, గుడ్డు, పాలు తినమని రాసి, అట్ట మీద డబ్బా అమ్మితే పాఠకుడు రెండింటినీ నమ్మడు.

మరి ఏం చెప్పాలి? నిలబెట్టుకోగల మాట చెప్పాలి. 'ఈ పట్టికను 12 వారాలు పాటిస్తే మొదటి వారం ఎంత ఎత్తారో, చివరి వారం ఎంత ఎత్తారో మీ చేతిరాతలోనే చూసుకుంటారు' అన్నది అలాంటి మాట. గుండెజబ్బు, అధిక రక్తపోటు, పాత గాయాలు ఉన్నవారు వైద్యుడిని అడగకుండా మొదలుపెట్టవద్దని కూడా ప్రకటనలోనే రాయాలి. ఆ వాక్యం కొందరు కొనుగోలుదారులను ఆపుతుంది. మిగిలినవారిలో నమ్మకం పెంచుతుంది. మొదటి రెండు వారాల పట్టికను ఉచితంగా పంచడం, మైదానంలో ఒక ఉదయం సాధన చేయించి చూపించడం ఖర్చు తక్కువైన ప్రచార మార్గాలు.

8. సారాంశం

బలం పట్ల గౌరవం మన సమాజంలో పాతదే. దానిని కొనుగోలుగా మార్చేది ప్రదర్శన కాదు, సాధారణ మనిషి పాటించగల క్రమం. ఆ క్రమాన్ని ముందుగా ఒక స్పష్టమైన వర్గానికి, వారు ఉన్న చోటే, వారు మాట్లాడే మాటల్లో అందించాలి. ముద్రణ ఖర్చును నగదు దృష్టితో లెక్కించాలి. పుస్తకం నిలబెట్టుకోలేని మాటను ప్రకటన ఇవ్వకూడదు. ఎందుకంటే ఆ మాటను నమ్మి బరువు ఎత్తేది పాఠకుడి నడుమే.

మాదిరి ప్రశ్నలు

1. వ్యాయామ పుస్తకానికి ఉచిత వీడియోలు పోటీగానూ సహాయంగానూ ఎలా ఉండగలవో వివరించండి.
2. పై ఉదాహరణలో దుకాణదారు తగ్గింపు 50 శాతానికి పెరిగితే, 1,000 ప్రతులూ ముందే ముద్రించిన పరిస్థితిలో పెట్టుబడి ఎన్ని ప్రతులకు తిరిగి వస్తుంది? (జవాబు: 1,000 ప్రతులు. అంటే ఒక్క ప్రతి మిగిలినా నష్టమే.)
3. మీ ఊరిలో స్ట్రెంత్ ట్రైనింగ్ పుస్తకం కొనగల రెండు వర్గాలను గుర్తించి, ఒక్కొక్క వర్గానికి రెండు వాక్యాల ప్రకటన రాయండి. రాసిన ప్రతి మాటనూ పుస్తకం నిలబెట్టుకోగలదా అని పరిశీలించండి.