గాలం మర్యాద: చెరువు కట్ట మీద ఎవరూ రాయని రూల్స్

చేగుంట పేరులోనే గుంట ఉంది. మెదక్ జిల్లాలో 44వ నంబర్ జాతీయ రహదారి దగ్గరున్న ఈ ఊరి చుట్టుపక్కల ఎటు వెళ్లినా ఏదో ఒక చెరువో కుంటో తగులుతుంది. వానలు బాగా పడి చెరువులు మత్తడి దుంకిన ఏడాది, కట్టల మీద గాలం పట్టుకుని కూర్చున్న మనుషులు కనిపిస్తారు. వాళ్లలో ఊరి పెద్దమనుషులుంటారు, సెలవు దొరికిన పిల్లలుంటారు, ఆదివారం పూట బైకులేసుకుని వచ్చిన మనలాంటి స్టూడెంట్సూ ఉంటారు.

దూరం నుంచి చూస్తే ఎవరి గొడవలో వాళ్లున్నట్టే ఉంటుంది. కాసేపు గమనిస్తే మాత్రం అక్కడొక ప్రోటోకాల్ నడుస్తోందని అర్థమవుతుంది. ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఏం అడగొచ్చు, ఏం అడగకూడదు, ఎదుటివాడికి ఏం ఇవ్వాలి అనేవన్నీ అందులో ఉంటాయి. యూరప్‌లో, అమెరికాలో ఫ్లై ఫిషింగ్ చేసేవాళ్లు ఇలాంటి మర్యాదల గురించి పుస్తకాలే రాసుకున్నారు. మన కట్ట మీద అవి నోటి మాటగానే ఉన్నాయి. ఈ వ్యాసంలో రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఫ్లై ఫిషింగ్ అంటే

ఫ్లై అంటే ఈగే కానీ, ఇందులో నిజం ఈగ ఉండదు. చిన్న కొక్కేనికి ఈకలు, బొచ్చు, దారం చుట్టి, చూడటానికి నీటి పురుగులా ఉండేట్టు కడతారు. మన గాలానికి ఎర్రనో, పిండిముద్దనో గుచ్చి వేస్తే ఆ బరువుకి, లేదా పైన కట్టిన సీసం గుండు బరువుకి దారం వెళ్తుంది. ఫ్లైకి బరువే ఉండదు. అందుకని దారాన్నే బరువుగా తయారు చేసి, గాల్లో వెనక్కీ ముందుకీ ఊపుతూ విసురుతారు. అంటే విసిరేవాడికి ముందే కాదు, వెనక కూడా బోలెడు ఖాళీ కావాలి. చూసుకోకుండా వెనక నుంచి నడిస్తే కొక్కెం మన చెవిలో దిగుతుంది. వాళ్ల మర్యాదల్లో మొదటిది దూరం పాటించడం అవ్వడానికి ఇదొక కారణం.

గాలం వేట మీద ఇంగ్లిష్‌లో అచ్చయిన మొదటి పుస్తకం 1496 నాటిది. జూలియానా బెర్నర్స్ అనే క్రైస్తవ సన్యాసిని రాసిందని చెప్పుకుంటారు. గాలపు కర్ర ఎలా చేసుకోవాలి, ఏ నెలలో ఏ ఫ్లై కట్టాలి అని వివరించాక, చివర్లో కొన్ని మర్యాదలు కూడా చెప్పారు. పేదవాడి సొంత నీళ్లలో అతన్ని అడక్కుండా గాలం వేయకు. ఇంకొకరు పెట్టిన బుట్టలోంచి చేపలు తీయకు. కంచెలు విరగ్గొట్టకు, తెరిచిన గేటు మూసి వెళ్లు. ఒక్కసారే అతిగా పట్టకు. ఇవన్నీ చెప్పింది సరదాకి వేటకొచ్చే డబ్బున్న దొరలకి. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ పనికొస్తుంది.

చోటు, వంతు

కట్ట మీదకి వెళ్లగానే మనం చేసే మొదటి తప్పు, ఎవరికి చేపలు పడుతున్నాయో చూసి వాళ్ల పక్కన కూర్చోవడం. ఆయనకి అక్కడ ఊరికే పడటం లేదు. పొద్దున్నే వచ్చి తవుడు ముద్దలు వేసి, అలికిడి లేకుండా గంటలు గంటలు కూర్చుని చేపల్ని అక్కడికి రప్పించుకున్నాడు. ఆయన బెండుకి రెండడుగుల దూరంలో మన గాలం వేస్తే, ఆయన పెట్టిన మేతకి వచ్చిన చేపని మనం ఎత్తుకెళ్తున్నట్టే. కాబట్టి ముందు వచ్చినవాళ్ల చోటు వాళ్లదే. మనం దూరంగా కూర్చోవాలి, మన నీడ ఆయన ముందున్న నీళ్ల మీద పడకుండా వెనక నుంచి నడవాలి.

అంతవరకు ఓకే. మరి మంచి చోటు ఒక్కటే ఉండి, మనుషులు పది మంది ఉంటే? ముందొచ్చినవాడు రోజంతా అక్కడే కూర్చుంటే మిగతా తొమ్మిది మంది సంగతేంటి?

సాల్మన్ చేపలుండే నదుల్లో దీనికొక పద్ధతి ఉంది. అందరూ మడుగు పైభాగంలో మొదలుపెడతారు. ఒకసారి విసిరాక ఒకటి రెండు అడుగులు కిందికి జరగాలి, మళ్లీ విసరాలి, మళ్లీ జరగాలి. మడుగు చివరికి చేరినవాడు బయటికొచ్చి, ఒడ్డునే నడిచి, వరసలో వెనక నిలబడతాడు. ఇది చదవగానే మన బ్రాంచ్ వాళ్లకి నవ్వొస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో చదివే రౌండ్ రాబిన్ షెడ్యూలింగ్ అచ్చం ఇదే కదా! ప్రాసెసర్ ఒక్కటే, ప్రాసెస్‌లు చాలా. ఒక్కోదానికి కొంచెం టైమ్ ఇచ్చి, అయిపోగానే క్యూ చివరికి పంపిస్తాం.

బతుకుతెరువు కోసం చేపలు పట్టే చోట ఇదే ఆలోచన ఇంకా పకడ్బందీగా ఉంటుంది. 2009లో ఎకనామిక్స్ నోబెల్ అందుకున్న మొదటి మహిళ ఎలినార్ ఆస్ట్రమ్ తన 1990 పుస్తకంలో టర్కీలోని అలాన్యా అనే ఊరి గురించి రాశారు. అక్కడ అప్పట్లో సుమారు 100 మంది జాలర్లు ఉండేవాళ్లు. మంచి చోట్ల కోసం కొట్లాటలు జరిగేవి. దాంతో వాళ్లే కూర్చుని వల వేసే చోట్లన్నిటికీ పేర్లు పెట్టి లిస్టు రాసుకున్నారు. ఏటా సెప్టెంబర్‌లో చీటీలు తీసి ఎవరి చోటు ఏదో తేల్చుకునేవాళ్లు. అప్పటి నుంచి జనవరి దాకా ప్రతి పడవా రోజుకో చోటు చొప్పున తూర్పుకి జరిగేది. జనవరి నుంచి మే దాకా పడమరకి. అందరికీ మంచి చోటు వచ్చేది, అందరికీ చెత్త చోటూ వచ్చేది. కాపలాకి పోలీసులు అక్కర్లేకపోయేది. మంచి చోటు వంతు వచ్చిన రోజు ఎవడైనా తెల్లారకముందే అక్కడుండేవాడు. వేరేవాడు దొంగతనంగా వస్తే ఇట్టే దొరికిపోయేవాడు.

టర్కీ దాకా ఎందుకు, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు సరిహద్దులో ఉన్న పులికాట్ సరస్సులో పాడు అనే పద్ధతి ఉంది. తమిళనాడు వైపు జాలరి పల్లెల్లో రొయ్యలు బాగా పడే చోట్లని చీటీల ప్రకారం వంతులు వేసుకుంటారు. మన తెలంగాణ చెరువుల కింద పొలాలకి నీళ్లు వంతుల వారీగా వదిలే నీరటి పని కూడా ఇలాంటిదే. తూము ఒక్కటే, పొలాలు చాలా.

చెరువులో చేప ఎవరిది?

చెరువులో చేపలు దేవుడిచ్చినవి, ఎవరైనా పట్టుకోవచ్చు అని చాలామంది అనుకుంటారు. ఇక్కడ కొంచెం బయాలజీ తెలియాలి. మన చెరువుల్లో ఎక్కువగా పెంచే బొచ్చె, రవ్వ, మ్రిగాల మూడూ నిలవ నీళ్లలో వాటంతట అవి పిల్లలు పెట్టవు. వాటికి వరద పారే నది కావాలి. 1957 జూలై 10న కటక్‌లో హీరాలాల్ చౌదురి అనే శాస్త్రవేత్త పిట్యూటరీ గ్రంథి సారాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి ఈ జాతి చేపలతో గుడ్లు పెట్టించగలిగారు. అందుకే జూలై 10 మన దేశంలో చేప రైతుల దినోత్సవం అయింది. ఇవాళ హేచరీల నుంచి వచ్చే చేపపిల్లలకి మూలం ఆ ప్రయోగమే.

దీని అర్థం ఏంటంటే, మన చెరువులో ఒక బొచ్చె కనిపించిందంటే దాన్ని ఎవరో పిల్లగా తెచ్చి వదిలారు. ఆ ఎవరో సాధారణంగా ఊరి మత్స్య సహకార సంఘం. అందులో సభ్యులు ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాల వాళ్లు. చెరువు మీద చేపల హక్కు లీజు పద్ధతిలో సంఘానికి ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2016-17 నుంచి చేపపిల్లల్ని పూర్తి సబ్సిడీతో ఇవ్వడం మొదలుపెట్టింది. సంఘాలు సొంత డబ్బుతో కొని వదలడమూ ఉంది. వానాకాలంలో వేలెడంత పిల్లల్ని వదిలితే, ఎండాకాలం నీళ్లు తగ్గేనాటికి కిలో దగ్గరికి వస్తాయి. అప్పుడు సభ్యులు వలలు, తెప్పలు తీసుకుని కలిసి దిగుతారు. వాళ్లకి ఏడాదికొక్కసారి చేతికొచ్చే పంట అది.

ఇప్పుడు లెక్క వేయండి. ఒక ఆదివారం పది మంది సరదాగా వచ్చి తలా 2 కిలోలు పట్టుకెళ్తే 20 కిలోలు. నెలకి 80 కిలోలు. మనకది ఇన్‌స్టాలో ఒక రీల్. వాళ్లకి కోతకి ముందే చేనులోంచి పోయిన వడ్లు. 1496లో ఆ పుస్తకం దొరలకి చెప్పిన మాట, ఇవాళ ఆన్‌లైన్‌లో కార్బన్ రాడ్ కొనుక్కుని వచ్చే మనకి సరిగ్గా సరిపోతుంది.

కాబట్టి గాలం తీయకముందే అడగాలి. కట్ట మీద కనిపించిన పెద్దాయన్ని "కాకా, ఈడ గాలం ఏసుకోవచ్చా? సంఘం వాళ్లను అడగాల్నా?" అంటే చాలు. వద్దంటే వాదించకుండా వెనక్కి రావడమే. వేసుకోమంటే, ఏవి తీసుకోవచ్చో ఏవి వదలాలో కూడా అడగండి. జిలేబి చేపలు వాటంతట అవే విపరీతంగా పెరుగుతాయి కాబట్టి వాటి మీద పెద్దగా పట్టింపు ఉండకపోవచ్చు. రవ్వ పడితే మాత్రం వదిలేయమంటారేమో. వదిలేటప్పుడు చెయ్యి తడి చేసుకుని పట్టుకోవాలి. పొడి చేత్తో పట్టుకుంటే చేప ఒంటి మీద జిగురు ఊడిపోయి, తర్వాత రోగాలొస్తాయి. మొప్పల్లో వేళ్లు పెట్టకూడదు. కొక్కేనికుండే చిన్న ఎదురుముల్లుని పట్టకారుతో ముందే నొక్కేస్తే, చేప నోరు చిరగకుండా తేలిగ్గా ఊడొస్తుంది. ఫ్లై ఫిషింగ్ వాళ్ల దగ్గర మనం నేర్చుకోదగ్గ పనితనం ఇది.

కొర్రమట్టని ఎప్పుడు వదలాలి

కొర్రమట్ట మన రాష్ట్ర చేప. మృగశిర కార్తె రోజు హైదరాబాద్‌లో చేప ప్రసాదానికి వాడేది దీని పిల్లలనే. ఇది గాలి పీల్చుకోగలదు, అందుకే మార్కెట్లో బతికుండగానే అమ్ముతారు, ధరా ఎక్కువే. గాలానికి పడిందంటే ఆ రోజు కట్ట మీద మనమే హీరో.

బొచ్చెలా కాకుండా ఇది చెరువులోనే పిల్లలు పెడుతుంది. వానాకాలంలో ఒడ్డున గడ్డి, తుంగ మధ్య కొంచెం చోటు శుభ్రం చేసుకుని గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎర్రగా ఉండి, ఒక గుంపుగా కదులుతాయి. గాలి కోసం మాటిమాటికీ పైకొస్తుంటే నీళ్లు ఉడుకుతున్నట్టు కనిపిస్తుంది. తల్లీ తండ్రీ కిందే కాపలా ఉంటాయి. ఏది దగ్గరికొచ్చినా మీద పడతాయి. ఆ గుంపు పక్కన కప్పలాంటి ప్లాస్టిక్ ఎర వేస్తే ఆకలి లేకపోయినా కొడతాయి. ఈ కిటుకు తెలిసినవాళ్లకి పెద్ద కొర్రమట్ట పట్టడం చాలా ఈజీ. కానీ కాపలా పోయిందంటే, ఆ వందల పిల్లల్ని మిగతా చేపలు, పక్షులు తినేస్తాయి. అప్పుడు మనం తీసుకెళ్లింది ఒక చేపని అనుకుంటాం గానీ, వచ్చే రెండేళ్ల చేపల్ని తీసుకెళ్లినట్టు. ఎర్రపిల్లలు కనిపిస్తే గాలం తీసి ఇంకో వైపు వెళ్లడం మర్యాద. అక్కడ మనల్ని చూసేవాళ్లు ఎవరూ ఉండకపోవచ్చు.

ఏది ఇవ్వాలి, ఏది ఇవ్వకూడదు

గాలం వేసేవాళ్లు లోకమంతా ఒక విషయంలో మంచి పేరు తెచ్చుకున్నారు. అడిగితే ఇస్తారు. నదిలో ముక్కూమొహం తెలియనివాడికి పొద్దుట్నుంచి ఒక్కటీ పడకపోతే, ఫ్లై ఫిషింగ్ చేసేవాడు తన డబ్బా తీసి, ఆ రోజు పనిచేస్తున్న ఫ్లైని అతని చేతిలో పెడతాడు. ఒక్కో ఫ్లై కట్టడానికి చాలా ఓపిక కావాలి. మన దగ్గరా అంతే. ఎర్రలు అయిపోతే పక్కాయన తన డబ్బా జరుపుతాడు, కొక్కెం తెగితే ఇంకోటిస్తాడు, బెండు ఎంత లోతుకి కట్టాలో చూపిస్తాడు.

ఈ ఉదారతలోనూ ఒక తేడా ఉంది. ఎర ఎలా గుచ్చాలో నేర్పితే నేర్పినవాడికి ఏమీ తగ్గదు. ఫైల్ కాపీ చేసినట్టే, ఇద్దరి దగ్గరా ఉంటుంది. చోటు, చేప అలా కాదు. ఒకరు తీసుకుంటే ఇంకొకరికి ఉండదు. అందుకే వాటికి వంతులు, అనుమతులు. విద్యని ఎంతైనా పంచొచ్చు, చేపని మాత్రం లెక్కతో తీసుకోవాలి.

మూడోది ఇంకొకటుంది, మన జనరేషన్‌కి బాగా వర్తించేది. ఒక కాకా నమ్మి మనకి చూపించిన కుంటని లొకేషన్ పెట్టి రీల్‌లో పెడితే అది మన ఉదారత అనిపించుకోదు, ఆ కుంట మనది కాదు కాబట్టి. వారం తిరిగేసరికి ఆ గట్టు మీద ముప్పై బైకులుంటాయి. ఆ తర్వాత అడిగి వచ్చేవాళ్లకి కూడా సంఘం వాళ్లు వద్దనే చెప్తారు. ఫొటో పెట్టాలనుకుంటే చేపది పెట్టండి, చెరువు పేరు వద్దు.

వెళ్లే ముందు ఒకసారి

బట్టలుతికే బండల దగ్గర, గేదెలు దిగే దారిలో, బతుకమ్మలు వేసే చోట గాలం వద్దు. కట్ట మైసమ్మ గుడి ముందు చెప్పులతో కూర్చోవద్దు. తెగిన నైలాన్ దారాన్ని చుట్టి జేబులో పెట్టుకోండి. అది కొంగల కాళ్లకి చుట్టుకుంటుంది, ఏళ్ల తరబడి కుళ్లదు. ఊడిపోయిన కొక్కెం కోసం ఐదు నిమిషాలు వెతకండి. ఎండాకాలం నీళ్లు తగ్గాక అదే బురదలో సంఘం వాళ్లు వట్టికాళ్లతో వలలు లాగుతారు.