మండీ వ్యర్థాల నుండి ఇంధనం: పాతబస్తీకి పనికివచ్చే పాఠాలు

హైదరాబాదు: పాతబస్తీలోని మీరాలం మండీ, మాదన్నపేట మండీలలో ఉదయపు బేరాలు ముగిసేసరికి క్యాబేజీ ఆకులు, కాలీఫ్లవర్ కాడలు, మెత్తబడిన టమాటాలు కుప్పలుగా మిగులుతాయి. ఇటువంటి వ్యర్థాన్ని లారీలలో నగరం అవతలికి తరలించకుండా మార్కెట్‌లోనే ఇంధనంగా మార్చవచ్చునని బోయినపల్లి కూరగాయల మార్కెట్ నిరూపించింది.

తార్నాకలోని భారత రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) పరిజ్ఞానంతో, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం నిధులతో ఏర్పాటైన ఈ కేంద్రాన్ని 2021 జనవరి 31న ప్రధానమంత్రి తమ ‘మన్ కీ బాత్’ ప్రసంగంలో ప్రస్తావించారు. రోజుకు సుమారు 10 టన్నుల వ్యర్థం నుండి 500 యూనిట్ల విద్యుత్తు, 30 కిలోల వంట ఇంధనం లభిస్తాయని అప్పట్లో ప్రకటించారు. ఆ విద్యుత్తు మార్కెట్ దీపాలకు, దుకాణాలకు, నీటి సరఫరాకు వినియోగమయింది.

ఈ లెక్కను నిదానంగా పరిశీలించవలసి ఉన్నది. యూనిట్ విద్యుత్తుకు దాదాపు 20 కిలోల వ్యర్థం అవసరమన్నమాట. కూరగాయలలో అధికభాగం నీరే కావటం ఇందుకు కారణం. విద్యుత్తు స్వల్పమే అయినా, లారీల డీజిలు ఆదా అవుతుంది. చెత్తకుప్పలో కుళ్ళి గాలిలో కలిసే మీథేన్ పొయ్యికి, జనరేటరుకు చేరుతుంది. వందేళ్ళ కాలావధిలో మీథేన్ కార్బన్ డయాక్సైడు కంటే సుమారు 28 రెట్లు అధికంగా భూతాపాన్ని పెంచుతుంది. మిగిలిన మడ్డి ఎరువుగా పనికివస్తుంది.

పొడి వ్యర్థాల కథ వేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997 నాటి ప్రోత్సాహక విధానం క్రింద యూనిట్‌కు రూ. 2.25 (1994-95 ప్రాతిపదికగా ఏటా 5 శాతం పెంపుతో) ధర లభించటంతో వరి ఊక, సర్కారు తుమ్మ ఆధారంగా విద్యుత్ కేంద్రాలు అనేకం వెలిశాయి. పూర్తి సామర్థ్యంతో నడిచే 6 మెగావాట్ల కేంద్రానికి రోజుకు 150 టన్నులకు పైగా ఇంధనం కావాలి. అంతవరకు ఇటుక బట్టీలు, రైస్ మిల్లుల బాయిలర్లు వాడుకొనే ఊకకు పోటీ ఏర్పడి ధర పెరిగింది. 2004 మార్చి 20న విద్యుత్ నియంత్రణ మండలి కొనుగోలు ధరలను సవరించగా, ఆ వివాదం సుప్రీంకోర్టు వరకు వెళ్ళి 2010 జూలైలో తీర్పు వెలువడింది. ఈలోగా పలు కేంద్రాలు మూతపడ్డాయి. ఊక పండినంత మాత్రాన అది ఎవరికీ అక్కరలేని సరుకని భావించటమే అసలు పొరపాటు.

కట్టెల విషయమూ అంతే. రంజాన్ మాసంలో పాతబస్తీ హలీమ్ బట్టీలు గంటల తరబడి కట్టెలతోనే మండుతాయి. నరికిన చెట్టు మరల చిగురించినప్పుడే ఆ కట్టె పునరుత్పాదక ఇంధనం అనిపించుకుంటుంది.

మండీ వ్యర్థానికి ఇటువంటి పోటీ తక్కువ. పశువులకు పోయే ఆకుకూరల మాట మాత్రం విస్మరించరాదు. అసలు చిక్కు వేరుచేయటంలో ఉన్నది. సుతిలి తాళ్ళు, ప్లాస్టిక్ సంచులు కలిస్తే యంత్రాలు మొరాయిస్తాయి. పులుపు సరుకు ఒక్కసారిగా ఎక్కువ పడితే వాయువును తయారుచేసే సూక్ష్మజీవులు దెబ్బతింటాయి. కావున ఏ మండీలోనైనా వేసవిలోనూ, వర్షాకాలంలోనూ వేర్వేరుగా కొన్ని వారాల పాటు వ్యర్థాన్ని తూకం వేయించి, పశువులకు పోయేది మినహాయించి, ఆ మీదటనే కేంద్రం సామర్థ్యాన్ని నిర్ణయించటం సమంజసం.