చెరువు నీళ్లను ఉపగ్రహం నుంచి చూస్తే ఏం తెలుస్తుంది? ఏం తెలియదు?

మనం చేనుకు ఒక్క చుక్క మందు కొట్టం. మరి మడికి పారే నీళ్లల్లో ఏమున్నదో చూసుకుంటున్నమా? మూసీ కత్వల కింద వరి పెట్టే పోచంపల్లి, వలిగొండ దిక్కు రైతులకు ఈ ప్రశ్న కొత్తది కాదు. హైదరాబాద్ మురుగు కలిసేది ఆ ఏటిలోనే.

ఈ నీళ్లను పైనుంచి చూసే వీలు ఇప్పుడు మనకూ ఉంది. యూరప్ వాళ్లు 2015 నుంచి పంపిన సెంటినెల్-2 ఉపగ్రహాలు దాదాపు ఐదు రోజులకోసారి మన మీదుగా పోతూ ఫొటోలు తీస్తాయి. కోపర్నికస్ బ్రౌజర్‌లో వాటిని ఎవరైనా ఉచితంగా చూడొచ్చు.

ఎట్లా తెలుస్తుందంటే, లోతైన తేట నీళ్లు ఎండలోని ఎరుపు కాంతిని మింగేస్తాయి. అందుకే ఫొటోలో నల్లగా ఉంటాయి. ఒండ్రు కలిస్తే ఆ ఎరుపు వెనక్కి వస్తుంది. నాచు పెరిగితే అందులోని పత్రహరితం ఎరుపును పీల్చుకుంటుంది, దాని పక్కనే ఉండే కంటికి అంతగా ఆనని కాంతి వెనక్కి వస్తుంది. ఈ రెండింటి తేడాతో నాచు ఎంతుందో అంచనా వేస్తారు. గుర్రపుడెక్క అయితే పచ్చని పొలం లాగానే కనిపిస్తుంది. మురుగు, యూరియా వచ్చి చేరే చెరువుల్లోనే ఈ రెండూ ఎక్కువ.

ఇక తెలియనివి. ఫొటోలో ఒక చుక్క అంటే 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. ఎకరానికి సుమారు 40 చుక్కలు. మూసీ ప్రాజెక్టు, డిండి, కోయిలసాగర్ బాగా కనిపిస్తాయి కానీ మన పొలంలోని నీటి కుంట సంగతి తేలదు. వానకాలం మబ్బులు అడ్డం వస్తాయి.

ముఖ్యంగా, నల్లగొండ బోర్లలోని ఫ్లోరైడ్ ఉపగ్రహానికి కనబడదు. అది భూమి లోపలి రాళ్ల నుంచి నీళ్లలోకి కరిగేది, రంగు ఉండదు. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు. అది ల్యాబ్ పరీక్షతోనే తెలుస్తుంది. పురుగుమందుల అవశేషాలూ అంతే.

కాబట్టి ఫొటో పచ్చగా లేదని నీళ్లు మంచివనుకోవద్దు. మీ చెరువు ఏ నెలలో, ఏ మూల నుంచి పచ్చబడుతున్నదో ముందు చూడండి. ఆ మూలనే సీసాలో నీళ్లు పట్టి పరీక్షకు ఇవ్వండి. రిపోర్టు వచ్చేదాకా ఆ నీళ్లు పశువులకు తాపకండి, జీవామృతంలో కలపకండి.

ఫోన్‌లో మీ చెరువును ఎట్లా వెతకాలో కింది వీడియోలో చూడండి.