ఇంటికీ ఇంటికీ మధ్య...

జనవరి నెల. ఇంగ్లండ్‌లో ఓ చిన్న పట్టణం. ఆరున్నరైనా ఇంకా తెల్లారలేదు. కారు అద్దం మీద పేరుకున్న మంచుని గబగబా గీకుతోంది ఓ తెలుగమ్మాయి. ఏడింటికల్లా మొదటి ఇంట్లో ఉండాలి. అక్కడ ఒంటరిగా ఉంటున్న పెద్దాయన్ని లేపాలి. ఒళ్లు తుడిచి, బట్టలు మార్చి, మాత్రలు వేయించి, టీ, టోస్టు చేతికివ్వాలి. అన్నిటికీ కలిపి అరగంట. బయటికొస్తూ ఫోన్లో యాప్ నొక్కితే అక్కడి పని ముగిసినట్టు లెక్క. రెండో ఇల్లు నాలుగు మైళ్ల అవతల. అక్కడ పక్షవాతంతో మంచం పట్టిన బామ్మ ఎదురుచూస్తుంటుంది. ఆ తరవాత మూడో ఇల్లు, నాలుగో ఇల్లు...

సాయంత్రానికి ఎనిమిది గంటల పని పూర్తవుతుంది. కానీ ఆమె రోడ్డూ ఇళ్లూ కలిపి పనిచేసింది పది గంటలు. నెలాఖర్న చేతికొచ్చే జీతం కాగితంలో యాప్ చూపిన ఎనిమిది గంటలే ఉంటాయి. దారిలో గడిచిన రెండు గంటల ఊసు ఉండదు. సొంత కారులో పోయించిన పెట్రోలుకి వచ్చేది అరకొరే.

బ్రిటన్‌లో ఇళ్లకు వెళ్లి వృద్ధులకు, వికలాంగులకు సేవలు చేసే కేర్ వర్కర్లలో ఎందరికో ఇది రోజూ ఉండే అనుభవం. ఆ దేశం 2022 ఫిబ్రవరిలో ఈ ఉద్యోగానికి వీసాల తలుపు తెరిచింది. కేరళ వాళ్ల బాటలో మన తెలుగువాళ్లూ వెళ్లారు. కుటుంబాన్ని వెంట తీసుకెళ్లే వీలు 2024 మార్చిలో పోయింది. విదేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లను రప్పించుకునే దారి 2025 జులైలో మూసుకుపోయింది. అప్పటికే వెళ్లినవాళ్లు మాత్రం అక్కడే పనిచేస్తున్నారు. చదువుకోడానికి వెళ్లి, వారంలో కొన్ని గంటలు ఇదే పని చేసుకునే విద్యార్థులూ ఉన్నారు.

వీళ్లందరూ తెలుసుకోవాల్సిన లెక్కలు రెండు. ఒకటి పెట్రోలుది, రెండోది కాలానిది. చాలామంది మొదటిదే పట్టించుకుంటారు. నిజానికి పెద్ద మొత్తం దాగి ఉండేది రెండోదాంట్లో!

మైలుకి 45 పెన్నీలు

ఉద్యోగం కోసం సొంత కారు వాడితే, యజమాని మైలుకి 45 పెన్నీల దాకా పన్ను లేకుండా ఇవ్వొచ్చు. వంద పెన్నీలైతే ఒక పౌండు. 2011లో ఈ రేటుని 40 నుంచి 45కి పెంచారు. 2025-26 పన్ను సంవత్సరంలోనూ అదే కొనసాగింది. ఏడాదిలో పది వేల మైళ్లు దాటితే, ఆపైన ప్రతి మైలుకీ 25 పెన్నీలు. మోటారుసైకిలుకి 24, సైకిలుకి 20.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఇది పన్ను శాఖ పెట్టిన పరిమితే తప్ప, యజమాని ఇచ్చి తీరాల్సిన రేటు కాదు. కొన్ని సంస్థలు 25 పెన్నీలిస్తాయి. కొన్ని అసలేమీ ఇవ్వవు. అలా తగ్గినప్పుడు మిగతా మొత్తంపై పన్ను రాయితీ అడిగే హక్కు ఉద్యోగికి ఉంది.

ఉదాహరణకి ఓ అమ్మాయి ఏడాదిలో ఆరు వేల మైళ్లు తిరిగింది. 45 పెన్నీల చొప్పున 2,700 పౌండ్లు. సంస్థ 25 పెన్నీల చొప్పున 1,500 ఇచ్చింది. తేడా 1,200. ఆ 1,200 పౌండ్లూ చేతికొస్తాయా? రావు. అంత ఆదాయం మీద కట్టిన పన్ను మాత్రమే వెనక్కొస్తుంది. ఇరవై శాతం పన్ను కట్టేవాళ్లకైతే 240 పౌండ్లు.

కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుందా? అసలు విషాదం ఇంకా ముందుంది. బ్రిటన్‌లో ఏడాదికి 12,570 పౌండ్ల దాకా సాధారణంగా ఆదాయపు పన్ను ఉండదు. గంటకి 13 పౌండ్ల చొప్పున వారానికి 18 గంటలు పనిచేసే విద్యార్థిని ఏడాదికి సంపాదించేది 12,168 పౌండ్లు. వేరే ఆదాయం లేకపోతే ఆమె కట్టే పన్ను సున్నా. కట్టని పన్ను వెనక్కెలా వస్తుంది? అందుకే ఎన్ని వేల మైళ్లు తిరిగినా ఆమెకొచ్చే రాయితీ కూడా సున్నాయే. ఎక్కువ సంపాదించేవాళ్లకి కాస్తో కూస్తో దక్కే ఊరట, అందరికన్నా తక్కువ సంపాదించేవాళ్లకి అసలు దక్కదు.

అడిగేదెలా?

రాయితీ రావాల్సిన మొత్తం ఏడాదికి 2,500 పౌండ్లు దాటకపోతే పన్ను శాఖకు పి87 దరఖాస్తు పంపితే సరిపోతుంది. దాటితే పూర్తిస్థాయి పన్ను రిటర్ను వేయాలి. గడిచిన నాలుగు పన్ను సంవత్సరాల దాకా వెనక్కి వెళ్లి అడగొచ్చు. అక్కడ పన్ను సంవత్సరం ఏప్రిల్ 6న మొదలై మరుసటి ఏప్రిల్ 5న ముగుస్తుంది. 2022-23 నాటి ఖర్చులకి గడువు 2027 ఏప్రిల్ 5.

2024 అక్టోబరు నుంచి ఈ దరఖాస్తులకి రుజువులు గట్టిగా అడుగుతున్నారు. ఏ రోజు, ఏ పిన్‌కోడు నుంచి ఏ పిన్‌కోడుకి, ఎందుకు వెళ్లారు, ఎన్ని మైళ్లు... ఈ వివరాలతో పద్దు ఉండాలి. బస్సులో వెళ్లేవాళ్లు టిక్కెట్లు దాచుకోవాలి. రోజూ ఒకే వృద్ధాశ్రమానికి వెళ్లి పనిచేసేవాళ్లకి మాత్రం ఇది వర్తించదు. ఇంటి నుంచి స్థిరమైన పనిచోటుకి వెళ్లిరావడం సొంత ఖర్చు కిందే లెక్క.

'మీ డబ్బు మేమిప్పిస్తాం' అంటూ వచ్చే మధ్యవర్తులతో జాగ్రత్త. వచ్చినదాంట్లో వాళ్ల వాటా పోగా మిగిలేదే చేతికొస్తుంది. పన్ను వాపసు మీద హక్కునే తమ పేర రాయించుకునే పద్ధతికి ప్రభుత్వం 2023 మార్చిలో అడ్డుకట్ట వేసింది. అయినా రుసుము తీసుకునే వాళ్లున్నారు. సొంతంగా దరఖాస్తు చేసుకుంటే పైసా ఖర్చుండదు.

దారిలో పోయిన గంటలు

ఇక రెండో లెక్క. బ్రిటన్ కనీస వేతన చట్టం ప్రకారం ఒక ఇంటి నుంచి మరో ఇంటికి పని మీద వెళ్లే సమయమూ పనిగంటలే. ఉదయం సొంతింటి నుంచి మొదటి ఇంటికి వెళ్లడం, చివరి ఇంటి నుంచి తిరిగి రావడం మాత్రం సాధారణంగా లెక్కలోకి రావు. ప్రయాణానికి విడిగా జీతమివ్వాలని చట్టం చెప్పదు. కానీ మొత్తం జీతాన్ని ప్రయాణంతో కలిపిన మొత్తం గంటలతో భాగించినప్పుడు, గంటకి కనీస వేతనం కన్నా తగ్గకూడదు. 21 ఏళ్లు నిండినవాళ్లకి ఆ కనీస వేతనం 2025 ఏప్రిల్‌లో 12.21 పౌండ్లయింది. 2026 ఏప్రిల్ నుంచి 12.71.

మొదట చెప్పుకున్న అమ్మాయి సంగతే చూద్దాం. సంస్థ ఇచ్చేది గంటకి 13 పౌండ్లు. ఎనిమిది గంటలకి 104. కాగితం మీద కనీస వేతనం కన్నా ఎక్కువే. కానీ ఆమె పనిచేసింది పది గంటలు. అంటే గంటకి పడింది 10.40 పౌండ్లు. 12.21 రేటుతో పోల్చినా రోజుకి 18 పౌండ్ల లోటు. వారానికి ఐదు రోజులైతే 90 పౌండ్లు, మన డబ్బుల్లో దాదాపు పది వేల రూపాయలు! పన్ను రాయితీ కింద ఏడాదికి వచ్చే 240 పౌండ్లు ఈ లెక్కన మూడు వారాల్లోనే పోతున్నాయి. పైగా పని కోసం సొంతంగా పెట్టి, సంస్థ తిరిగివ్వని పెట్రోలు డబ్బుని కూడా జీతంలోంచి తీసేసే ఈ లెక్క చూడాలి. అప్పుడు లోటు ఇంకా పెరుగుతుంది. సంస్థ ఇచ్చే మైలేజీ డబ్బుని జీతంలో కలిపి చూపడానికీ వీల్లేదు.

అన్నిటికన్నా ముఖ్యం... కనీస వేతనానికీ ఆదాయపు పన్నుకీ సంబంధం లేదు. పన్ను కట్టని విద్యార్థినికీ ఈ హక్కు పూర్తిగా ఉంటుంది.

పదిమంది గెలిచారు

ఇది కాగితాలకే పరిమితమైన హక్కు కాదు. లండన్‌లోని హారింగే ప్రాంతంలో ఇళ్లకు వెళ్లి సేవ చేసే పదిమంది కార్మికులు యూనిసన్ కార్మిక సంఘం అండతో ట్రైబ్యునల్‌కు వెళ్లారు. ప్రయాణ సమయాన్ని, రెండు ఇళ్ల మధ్య ఎదురుచూసిన సమయాన్ని కలిపి చూస్తే వాళ్లకి కనీస వేతనంలో సగం కూడా అందలేదని తేలింది. 2020 సెప్టెంబరులో తీర్పు వాళ్లవైపే వచ్చింది. మొత్తం పరిహారం లక్ష పౌండ్లు దాటింది. వాళ్లు అక్కడిదాకా వెళ్లడానికి ఏళ్లు పట్టింది.

నోరు విప్పాలంటే...

హక్కుంది కదా, అడగొచ్చు కదా అనడం తేలికే. వీసా మీద వెళ్లినవాళ్ల భయం వేరు. వాళ్ల వీసా ఆ యజమానితో ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోతే వీసాను కుదిస్తారు. మరో యజమానిని వెతుక్కోడానికి సాధారణంగా దొరికేది 60 రోజులు. ఇక్కడ ఏజెంటుకి కట్టడానికి చేసిన అప్పు, నెలనెలా పంపాల్సిన వడ్డీ కళ్లముందు కదులుతుంటే, పెట్రోలు డబ్బుల కోసం ఎవరు గొంతెత్తుతారు?

కనీస వేతనం అడిగినందుకు ఉద్యోగం లోంచి తీసేయడం అక్కడి చట్టప్రకారం తప్పు. అయినా నేరుగా గొడవకి దిగక్కర్లేదు. ఆకాస్ అనే సలహా సంస్థతో ఫోన్లో ఉచితంగా మాట్లాడొచ్చు. తక్కువ జీతమిస్తున్నారని ప్రభుత్వానికి పేరు చెప్పకుండానూ ఫిర్యాదు చేయొచ్చు. కార్మిక సంఘంలో చేరితే పదిమంది తోడుంటారు. ట్రైబ్యునల్‌కు వెళ్లాలంటే గడువు కొద్ది నెలలే కాబట్టి, సలహా అడగడానికి మాత్రం ఆలస్యం చేయకూడదు.

ఒక్క నోటుపుస్తకం

రెండు లెక్కలకీ కావాల్సిన సాక్ష్యం ఒకటే... రోజువారీ పద్దు.

* తేదీ, బయల్దేరిన చోటు, చేరిన చోటు, రెండింటి పిన్‌కోడులు, మైళ్లు రాయాలి.

* ఒక ఇంటి నుంచి ఎన్నింటికి బయల్దేరారో, మరో ఇంటికి ఎన్నింటికి చేరారో పక్కనే రాయాలి. మైళ్లు పన్ను శాఖకి, సమయం వేతనం లెక్కకి.

* సంస్థ ఇచ్చే పని పట్టికని, జీతం కాగితాన్ని ఫొటో తీసి దాచుకోవాలి. ఉద్యోగం మానేశాక ఆ యాప్ తెరుచుకోకపోవచ్చు.

* కారు బీమాలో ఉద్యోగ అవసరాలకి వాడుకునే వీలుందో లేదో చూసుకోవాలి. ఇంటి నుంచి ఆఫీసుకి వెళ్లిరావడానికి తీసుకున్న బీమా, ఇళ్ల మధ్య తిరిగేటప్పుడు జరిగే ప్రమాదానికి అక్కరకు రాకపోవచ్చు.

* మన డ్రైవింగ్ లైసెన్సు అక్కడ స్థిరపడ్డాక పన్నెండు నెలలే చెల్లుతుంది. ఈలోపే అక్కడి పరీక్ష పాసవ్వాలి.

రోజుకి ఐదు నిమిషాల పని. కానీ పది గంటలు తిరిగి, తిన్నామనిపించి మంచం మీద వాలిన మనిషికి ఆ ఐదు నిమిషాలే బరువు. 'రేపు రాద్దాంలే' అనుకుంటే వారం గడిచిపోతుంది. నాలుగేళ్ల తరవాత ఏ రోజు ఏ వీధికి వెళ్లారో ఎవరికి గుర్తుంటుంది?

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడగాలంటే ముందు ఎంత రావాలో తెలియాలి. అందుకే ఈసారి అక్కడున్న కూతురో కొడుకో ఫోన్ చేస్తే 'తిన్నావా?' అని అడిగాక ఇంకో ప్రశ్న కూడా వేయండి.

'ఇవాళ్టి మైళ్లు రాసుకున్నావా?'