కోబేలో బస ఎక్కడ?

ఇల్లు చూచి ఇల్లాలిని చూడుమని మన పెద్దల మాట. క్రొత్త పట్టణమునకు పోయినవానికి ఈ మాట మరియొక విధముగా వర్తించును. అతడు ఏ పేటలో బస చేసెనో ఆ పేటయే అతనికి పట్టణమై కూర్చుండును. ప్రొద్దున కిటికీ తెరచినప్పుడు కనబడిన దృశ్యము, రాత్రి అలసి తిరిగి వచ్చునప్పుడు నడచిన వీధి, కాఫీకై వెదకిన అంగడి - స్వదేశమునకు వచ్చిన తరువాత జ్ఞాపకములో నిలుచునవి ఇవియే. చూడదగిన స్థలముల పట్టిక ఎంత పెద్దదైనను వీని తరువాతనే. జపాను దేశపు రేవుపట్టణమైన కోబేకు పోవువారు ఈ సంగతిని ముందుగా ఆలోచింపవలసి యున్నది. ఏలయన ఆ పట్టణములో ఒక్కొక్క పేటకు ఒక్కొక్క పుట్టుక కలదు. ఎవరు ఎక్కడ తల దాచుకొనవలెనను ప్రశ్నలోనుండియే ఆ పేటలు పుట్టినవి.

ఒసాకా నుండి రైలులో అరగంట లోపుగనే కోబే చేరవచ్చును. ఉత్తరమున రొక్కో పర్వతములు. వాని యెత్తైన శిఖరము 931 మీటర్లు. దక్షిణమున సముద్రము. ఈ రెంటి నడుమ సన్నని పట్టీవలె తూర్పు పడమరలుగా పట్టణము సాగి యున్నది. అందువలన అక్కడివారు దారి చెప్పునప్పుడు ఉత్తరము, దక్షిణము అనుటకు బదులు 'కొండవైపు', 'సముద్రమువైపు' అని చెప్పుదురు. కొన్ని పెద్ద అంగడులలో ద్వారములకు సైతము ఈ పేర్లే. క్రొత్తవాడు దారి తప్పినను తల యెత్తి కొండ ఎక్కడ నున్నదో చూచిన చాలును.

ఈ రేవు విదేశ వర్తకమునకు తెరువబడినది 1868 జనవరి 1వ తేదీన. విదేశీయుల నివాసమునకై సముద్రపు టొడ్డున ప్రత్యేకముగ ఒక పేటను ఏర్పరచిరి. జాన్ విలియం హార్ట్ అను ఆంగ్ల ఇంజనీరు దానిని 126 స్థలములుగా తీర్చి, తిన్నని వీధులు గీచెను. కాని రేవు తెరచు నాటికి ఆ పేట సిద్ధము కాలేదు. వచ్చిన వర్తకులు ఊరకుందురా? సమీపమున జపానీయుల నడుమ నివసించుటకు వారికి అనుమతి లభించినది. అట్లు కొండవాలున పెరిగినది కితానో పేట. చీనా వర్తకుల సంగతి వేరు. వారి ప్రభుత్వమునకు అప్పటికి జపానుతో ఒడంబడిక లేనందున ఆ విదేశీయుల పేటలో వారికి చోటు దొరకలేదు. వారు దాని పడమటి అంచున గుడిసెలు, అంగడులు వేసికొనిరి. నేడు యాత్రికులు తినుబండారములకై క్రిక్కిరిసి నిలుచు నాన్‌కిన్‌మాచి అదియే. అనగా, అందమైన పేటలని నేడు మనము మెచ్చుకొనువానిని నాడు వాని నివాసులు ఎన్నుకొనలేదు. ఒడంబడికలే వారికై ఎన్నుకొన్నవి.

నేటి యాత్రికునకు అట్టి నిర్బంధము లేదు. అతని ఎదుట ముఖ్యముగ నాలుగైదు పేటలున్నవి. గుణదోషములు అన్నిటికిని కలవు.

మొదటిది సన్నోమియా. ఇది పట్టణపు నడిబొడ్డు. పలు రైలు సంస్థల స్టేషనులు, భూగర్భ రైలు, కృత్రిమ ద్వీపమునకును విమానాశ్రయమునకును పోవు పోర్ట్ లైనరు - అన్నియు ఇచ్చటనే కలియును. క్యోతో, ఒసాకా, హిమేజీ కోట మున్నగువానిని చూచి ప్రతి రాత్రి తిరిగి రాదలచిన వారికి ఇంతకంటె సౌకర్యము మరియొక చోట లేదు. గదులు చిన్నవైనను శుభ్రమైన హోటళ్లు అనేకము. కాని స్టేషను ముంగిట నిద్రించిన వానికి ఏ పట్టణమైనను ఒక్కటిగనే తోచును. వెలుగుల బోర్డులు, జనసమ్మర్దము, తొందర - ఇవి కోబేకు ప్రత్యేకములు కావు. షింకాన్‌సెన్ అను అతివేగపు రైలు ఆగు షిన్-కోబే స్టేషను కొండ పాదమున నున్నది. సన్నోమియాకు భూగర్భ రైలులో అక్కడి నుండి ఒక్క మజిలీ. ఆ స్టేషను వెనుకనే నునొబికి జలపాతములున్నవి. వేకువజామున కొండ యెక్కు అలవాటు గలవారికి ఆ చోటు నచ్చును.

రెండవది కితానో. భారతీయులకు ఈ పేటతో చుట్టరికము కలదు. 1923లో సంభవించిన మహాభూకంపము యొకొహామా నగరమును నేలమట్టము చేసినప్పుడు, అచ్చట పట్టు వర్తకము సాగించుచుండిన సింధీ వర్తకులలో పలువురు కోబేకు తరలి వచ్చిరి. వారు కూడ ఇష్టపడి వచ్చినవారు కారు. నిలువ నీడ లేక వచ్చినవారు. ఇచ్చట 1935లో కట్టిన మసీదు జపానులో మొట్టమొదటిది. దాని నిర్మాణమునకు ధనమిచ్చిన వారిలో భారతీయ వర్తకులు కలరు. 1945 నాటి వైమానిక దాడులను, 1995 నాటి భూకంపమును తట్టుకొని ఆ కట్టడము నిలిచినది. 1985లో వెలసిన జైన దేవాలయము, సిక్కుల గురుద్వారము, యూదుల ప్రార్థనాలయము, క్రైస్తవ దేవాలయములు కూడ కాలినడకన పోదగినంత దూరములో ఉన్నవి. మసీదు చెంత మసాలా దినుసుల అంగడులు, చుట్టుపట్ల భారతీయ భోజనశాలలు ఉన్నవి. చేపల పులుసు తగులని కూర దొరకుట కష్టమైన ఆ దేశములో శాకాహారులకు ఇది చిన్న మేలు కాదు. జర్మను వర్తకుడు 1909లో కట్టించుకొన్న 'గాలికోడి యిల్లు' వంటి పాశ్చాత్య గృహములు ఈ పేటకు అలంకారములు. అయితే వీధులు నిటారైనవి. మోకాళ్ల నొప్పులు గలవారు, బరువైన పెట్టెలు గలవారు ఆలోచించి నిర్ణయించుకొనవలెను.

కితానోకు పడమటగా మరియొక కట్టడము కలదు. సాహిత్యాభిమానులు దానిని తప్పక చూడవలెను. 1908 ఏప్రిలులో 781 మందితో 'కసాతో మారు' అను ఓడ ఈ రేవునుండి బ్రెజిలుకు బయలుదేరినది. తరువాతి కాలమున అట్లు వలసపోవు బీద రైతు కుటుంబములు ఓడ యెక్కుటకు ముందు కొన్ని దినములు ఉండుటకై ప్రభుత్వము 1928లో ఒక వసతిగృహము నిర్మించినది. ఇషికావా తత్సుజో ఆ గృహమునే రంగముగా గైకొని 'సోబో' అను నవలను వ్రాసి, 1935లో మొట్టమొదటి అకుతాగవా బహుమానమును పొందెను. ఆ కట్టడము నేడు వలసల ప్రదర్శనశాలగా ఉన్నది. ఆ వాకిటి నుండి రేవునకు దిగు దారిలో నడచినవానికి, బస అను మాటకు మరియొక అర్థము స్ఫురించును. స్వదేశములో కడపటి రాత్రులు గడపిన ఇల్లు కూడ బసయే గదా!

మూడవది రేవు ముంగిలి. మెరికెన్ ఉద్యానవనము, 1963లో కట్టిన 108 మీటర్ల యెఱ్ఱని గోపురము, హార్బర్‌లాండ్ అంగడులు ఇచ్చటివి. రాత్రివేళ నీటిలో దీపముల నీడలు చూచుచు కూర్చుండుటకు ఇంతకు మించిన చోటు లేదు. గదుల వెల మాత్రము ఎక్కువ. శనివారపు రాత్రులు మరింత ఎక్కువ. ఈ అందము నడుమనే సుమారు 60 మీటర్ల పొడవున విరిగి క్రుంగిన రేవుకట్టను, ఒరగిన దీపస్తంభములను కదలింపక అట్లే నిలిపి యుంచినారు. 1995 జనవరి 17న ఉదయము 5 గంటల 46 నిమిషములకు వచ్చిన భూకంపపు గుర్తు అది. ఆ విపత్తులో మొత్తము 6,434 మంది మరణించిరి.

నాలుగవది నగాతా. యాత్రికులు సాధారణముగ బస చేయని పేట ఇది. పాదరక్షలు తయారుచేయు చిన్న చిన్న కార్ఖానాలు, వాని మీదను ప్రక్కనను కార్మికుల కొయ్య యిండ్లు - ఇదియే దాని రూపము. కొరియా, వియత్నాము దేశములనుండి వచ్చినవారు కూడ అందు ఉండిరి. భూకంపము తరువాత నిప్పంటుకొన్నది. భూమిలోని నీటి గొట్టములు పగిలి, మంటలార్పువారికి నీరు దొరకలేదు. పేటలో చాల భాగము బూడిద అయినది. ఆ ప్రాంతమంతటను మూడు లక్షలకు పైగా ప్రజలు పాఠశాలలలోను, ఇతర ఆశ్రయములలోను తలదాచుకొనిరి.

ఆ పిమ్మట జరిగినది మరింత ఆలోచింపదగినది. ప్రభుత్వము సుమారు 48,000 తాత్కాలిక గృహములు కట్టించినది. చీట్లు వేసి వానిని పంచిరి. వృద్ధులకు ముందుగా ఇచ్చిరి. ఉద్దేశము మంచిదే. కాని పట్టణము మధ్య స్థలము లేనందున ఆ యిండ్లు చాలవరకు దూరపు శివారులలో వెలసినవి. ముప్పది నలుబది యేండ్లు ఒకే సందులో బ్రతికిన పొరుగువారు చెల్లాచెదరైరి. పలుకరించు దిక్కు లేక, మరణించిన సంగతి సైతము కొన్ని దినములకు గాని తెలియని వృద్ధులు కలరు. పైకప్పు దొరకినది, పేట దొరకలేదు. ఇరుగుపొరుగు లేని యిల్లు ఎంత బలముగ కట్టినదైనను మనిషిని కాపాడదని జపాను దేశము అప్పుడు తెలిసికొన్నది. తరువాతి విపత్తులలో ఊరివారిని వీలైనంతవరకు ఒక్కచోటనే ఉంచవలెనను యోచనకు ఈ అనుభవమే మూలము.

నగాతాలో నేడు క్రొత్త భవనములు లేచినవి. కోబేలో పుట్టిన చిత్రకథకుడు యొకొయామా మిత్సుతెరు సృష్టించిన ఉక్కుమనిషి విగ్రహమును 2009లో ఒక తోటలో నిలిపిరి. పిల్లలు దాని పాదముల చెంత ఆడుకొందురు. భూకంపమున కాలిన ఒక క్రైస్తవ దేవాలయపు ఆవరణలో షిగేరు బాన్ అను వాస్తుశిల్పి కాగితపు గొట్టములతో ప్రార్థనాలయము నిర్మించెను. పదేండ్ల తరువాత దానిని విప్పి, 1999లో భూకంపమునకు గురియైన తైవాను గ్రామ ప్రాంతమునకు కానుకగా పంపిరి.

ఇక ఏ పేటలో దిగవలెను? ఒకటి రెండు రాత్రులు మాత్రమే గడపి, ఇతర నగరములు చూడబోవువారికి సన్నోమియా చాలును. కోబేనే చూడవచ్చిన వారికి, ముఖ్యముగ విద్యార్థులను వెంటబెట్టుకొని పోవు ఉపాధ్యాయులకు, మొతొమాచి తగినది. అది సన్నోమియాకు పడమటగా రైలులో ఒక్క మజిలీ. కిలోమీటరునకు మించి పొడవైన పైకప్పు గల అంగడి వీధి అందు కలదు. వాన కురిసినను నడక ఆగదు. పాత విదేశీయుల పేట ఒక ప్రక్క, నాన్‌కిన్‌మాచి మరియొక ప్రక్క. సముద్రమువైపు నడచిన విరిగిన రేవుకట్ట, కొండవైపు నడచిన వలసల గృహమును కితానోయును. నగాతాలోని షిన్-నగాతా స్టేషను అచ్చటి నుండి రైలులో మూడవ మజిలీ. ఒక ఉదయమును దానికై కేటాయింపవలెను. ఓపిక గలవారు రొక్కో కొండకు ఆవల నున్న అరిమాలో, ఎఱ్ఱమట్టి రంగు వేడినీటి బుగ్గల చెంత, ఒక్క రాత్రి గడపవచ్చును.

ఏటేట జనవరి 17న, తెల్లవారకముందే, పురపాలక భవనము ప్రక్కనున్న తోటలో జనులు చేరి దీపములు వెలిగించి, 5 గంటల 46 నిమిషములకు మౌనము వహించుదురు. మొతొమాచిలో బస చేసినవారు అచ్చటికి నడచియే పోవచ్చును. ఆ చలిలో నిలిచినవారిలో పలువురు ఒకప్పుడు తమకు చీటీలో వచ్చిన చోటికి పోయి బ్రతికినవారు. ఎక్కడ నిద్రింపవలెనో తానే ఎన్నుకొని వచ్చిన యాత్రికుడు వారి వెనుక కొంతసేపు ఊరక నిలుచుట మర్యాద.